బ్రెజిల్ లారీ డ్రైవర్ల కబుర్లు అమెరికా నేవీ శాటిలైట్‌లోకి ఎలా వెళ్లాయి? ఆపడం ఎందుకంత కష్టం?

లహరి_ఈసీఈ, కాకినాడ

అందరికీ నమస్కారం. ఫైనల్ ఇయర్ సెమినార్‌కి సైనిక శాటిలైట్లలో ఇంటర్‌ఫియరెన్స్ (ఒక సిగ్నల్‌కి ఇంకోటి అడ్డుపడటం; కావాలని చేస్తే జామింగ్) టాపిక్ తీసుకున్నాను. మా మేడమ్ "జామింగ్, యాంటీ-జామింగ్ అని రెండు స్లైడ్లు పెట్టి చేతులు దులుపుకోకు, నిజంగా జరిగిన కేసు ఒకటి పట్టుకో" అన్నారు. వెతికితే బ్రెజిల్ కథ దొరికింది. 2009 మార్చి 18న అక్కడి ఫెడరల్ పోలీసులు ఆరు రాష్ట్రాల్లో ఒకేసారి దాడులు చేశారు. 39 మంది అనుమానితులు దొరికారు. నేరం ఏమిటంటే అమెరికా నేవీ వాళ్ల ఫ్లీట్‌శాట్‌కామ్ శాటిలైట్ మీద కబుర్లు చెప్పుకోవడం! లారీ డ్రైవర్లు, అమెజాన్ అడవిలో దొంగచాటుగా కలప కొట్టేవాళ్లు, ఊరికే సరదాకి మాట్లాడుకునే రేడియో పిచ్చోళ్లు, అందరూ దాన్ని వాడుకున్నారట.

నా డౌట్లు ఇవి. నేవీ శాటిలైట్‌లోకి బయటివాళ్లు అంత తేలిగ్గా ఎలా వెళ్లగలిగారు? ఎన్‌క్రిప్షన్ ఉండదా? వాళ్ల శాటిలైటే కదా, నొక్కి ఆపేయొచ్చు కదా?

విజయవాడ_హ్యామ్

మంచి కేసు పట్టుకున్నావమ్మా. మా హ్యామ్ వాళ్లలో (లైసెన్సుతో సరదాకి రేడియో నడిపేవాళ్లం) ఈ కథ తెలియనివాళ్లు తక్కువ.

మొదటి డౌట్‌కి జవాబు: ఆ శాటిలైట్ ఎవరినీ "నువ్వెవరు?" అని అడగదు. ఫ్లీట్‌శాట్‌కామ్ సిరీస్‌లో మొదటిది 1978లో, చివరిది 1989లో పైకి వెళ్లాయి. వాటిలో దాదాపు అన్ని యూహెచ్‌ఎఫ్ (ఇక్కడ 300 మెగాహెర్ట్జ్ చుట్టుపక్కల రేడియో బ్యాండ్) ఛానళ్లూ ఉత్త రిపీటర్లే. కింది నుంచి 292–318 మెగాహెర్ట్జ్ దగ్గర (అప్‌లింక్) ఏది వచ్చినా తీసుకుని, ఫ్రీక్వెన్సీ మార్చి, బలం పెంచి, 244–270 దగ్గర (డౌన్‌లింక్) కిందికి వదిలేస్తుంది. గుడి మైకు ముందు పూజారి మంత్రం చదివినా, చిన్న పిల్లాడు వచ్చి కేక పెట్టినా ఊరంతా వినిపిస్తుంది చూడు, అంతే సంగతి.

పైగా యూహెచ్‌ఎఫ్‌లో డిష్ అక్కర్లేదు. తరంగం పొడవు మీటరు దరిదాపు కాబట్టి చేత్తో పట్టుకునే యాగీ యాంటెన్నా (పాత టీవీ యాంటెన్నా లాంటిది) చాలు. శాటిలైట్ యాంటెన్నా కూడా తనకి కనిపించే భూమి సగభాగం మొత్తాన్నీ ఒకేసారి వింటుంది. సముద్రంలో ఎక్కడో ఉన్న ఓడ కోసం అలా పెట్టారు. ఆ సగభాగంలో అమెజాన్ అడవి కూడా ఉంది మరి. ఇక ట్రాన్స్‌మిటర్ అంటావా, మామూలు 2 మీటర్ల హ్యామ్ సెట్‌కి… [ఇక్కడి నుంచి కొంత భాగం తొలగించబడింది]

మోడరేటర్

విజయవాడ_హ్యామ్ గారూ, సర్క్యూట్ వివరాలు తీసేశాను, ఏమీ అనుకోకండి. సూత్రం చర్చించండి, తయారీ వద్దు. ఇంకో మాట అందరికీ: మన సైన్యం శాటిలైట్ల గురించి పత్రికల్లో, అధికారిక ప్రకటనల్లో వచ్చిన దానికి మించి ఇక్కడ ఎవరూ రాయొద్దు. తెలిసినవాళ్లైతే అసలే రాయొద్దు.

కోపిష్టి_కృష్ణ

లారీ డ్రైవర్లు అనేది పైకి చెప్పే మాట బ్రో. సొంతంగా వాళ్లకి అంత ఆలోచన వస్తుందా? వెనక ఏదో ఒక దేశం ఉండే ఉంటుంది. మిలిటరీ సిగ్నల్ పాడైందంటే శత్రువు పనే.

సిగ్నల్స్_తాతయ్య, మాధవరం

కృష్ణా, నువ్వు మా సెక్షన్‌లో ఉంటే నీకు మొదటి రోజే లాగ్‌బుక్ ఇచ్చి కూర్చోబెట్టేవాణ్ణి.

నేను ఆర్మీ సమాచార విభాగం సిగ్నల్స్‌లో పనిచేసి జేసీవోగా (జూనియర్ కమిషన్డ్ ఆఫీసరుగా) రిటైరయ్యాను. యూనిట్ పేరు, చోటు అడగొద్దు. కొండ మీద ఒక పోస్టులో ఉండగా మార్చి మొదట్లో మధ్యాహ్నం పూట లింకు పోయేది. కొన్ని నిమిషాలే, తర్వాత దానంతట అదే వచ్చేది. మర్నాడు మళ్లీ దాదాపు అదే టైముకి. కుర్రాళ్లు "సాబ్, జామింగ్!" అని ఒకటే హడావుడి. లాగ్ తీయమన్నాను. ఒక గడిలో టైము, పక్కన సిగ్నల్ రీడింగు, దాని పక్కన వాతావరణం, చివర ఎవరు ఏ స్విచ్ ముట్టుకున్నారో. పాత ఏడాది పుస్తకంలో కూడా అవే తారీఖుల దగ్గర, ఆ తర్వాత అక్టోబర్ మొదట్లో కూడా అదే తంతు. సూర్యుడు సరిగ్గా శాటిలైట్ వెనక్కి వస్తున్నాడు, మా డిష్ సూర్యుడి రొదనే వింటోంది. దానికి పై ఆఫీసుకి ఫ్లాష్ మెసేజ్ పెడితే మా పరువు ఏం కావాలి? మీ ఇళ్లలో టీవీ ఛానళ్లు ఆ సీజన్‌లో కాసేపు ఆగిపోవడం చూసే ఉంటారు, అదే ఇది.

అమెరికా వాళ్ల రూలూ ఇదే. ఇంటర్‌ఫియరెన్స్ రిపోర్టు రాసేముందు ఆపరేటర్ తన కేబుల్, తన యాంటెన్నా, తన పవర్ చూసుకోవాలి. తర్వాత పక్క యూనిట్ ఏం ప్రసారం చేస్తోందో కనుక్కోవాలి. అప్పటికీ తెగకపోతేనే పైకి పంపాలి. మా రోజుల్లో వీటిని మీజీ (MIJI: తప్పుడు దిక్కు సిగ్నల్, చొరబాటు, జామింగ్, ఇంటర్‌ఫియరెన్స్) రిపోర్టులు అనేవాళ్లు. శత్రువు పేరు అందులో ఆఖరి వరసలో వస్తుంది.

వీశాట్_శీను, హైదరాబాద్

తాతయ్య గారు కరెక్ట్. నాది సివిల్ ఫీల్డే, ఏటీఎంలకీ పెట్రోల్ బంకులకీ వీశాట్లు (చిన్న శాటిలైట్ డిష్ సెట్లు) పెడతాం. కానీ రోగాలు రెండు చోట్లా ఒకటే.

లహరి గారూ, మీ సెమినార్‌లో క్రాస్-పోల్ గురించి తప్పకుండా పెట్టండి. ఒకే ఫ్రీక్వెన్సీని శాటిలైట్ రెండు సార్లు అమ్ముకుంటుంది, నిలువు పోలరైజేషన్ (తరంగం ఊగే దిశ) ఒకరికి, అడ్డం ఇంకొకరికి. మన ఫీడ్ (డిష్ ముందుండే కొమ్ము) కాస్త వంకరగా తిరిగి ఉంటే మన సిగ్నల్ అవతలివాడి దాంట్లోకి కారుతుంది. అందుకే ఇన్‌స్టాలేషన్ రోజు హబ్ (నెట్‌వర్క్ కేంద్రం) వాళ్లు ఫోన్లో ఉండి "క్యారియర్ ఎత్తండి" అంటారు. మనం మాడ్యులేషన్ లేని ఉత్త క్యారియర్ వదులుతాం. వాళ్లు స్పెక్ట్రమ్ ఎనలైజర్‌లో (ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత సిగ్నల్ ఉందో చూపే పరికరం) రెండు పోలరైజేషన్లూ చూస్తూ "తిప్పండి… ఇంకొంచెం… ఆగండి, దాటిపోయింది, వెనక్కి" అంటుంటారు. మేడ మీద ఎండలో, ఒక చేత్తో స్పానరు, చెవికి భుజానికి మధ్య ఫోను. అవతలి వైపు మన సిగ్నల్ 30 డీబీ కిందికి, అంటే వెయ్యో వంతుకి పడిపోయేదాకా వదలరు.

ఇంతా చేసి బిగించి వస్తామా, కొండ మీద గుడి ఉన్న ఊళ్లో ఒక సైటు మాత్రం పదే పదే పక్క కస్టమర్‌ని డిస్టర్బ్ చేసేది. వెళ్లి చూస్తే కోతులు ఫీడ్ ఆర్మ్ మీద కూర్చుని ఊగుతున్నాయి! కృష్ణ అన్నా, అవి ఏ దేశం పంపినవో కనుక్కో.

ఇంకోటి కూడా. డిష్ సరిగ్గా గురి పెట్టకుండా, సిగ్నల్ చాలట్లేదని పవర్ పెంచేవాళ్లుంటారు. బీయూసీ (సిగ్నల్‌ని పైకి పంపే యాంప్లిఫయర్) తట్టుకోలేక సాచురేషన్‌లోకి వెళ్తుంది, క్యారియర్‌కి రెండు పక్కలా షోల్డర్స్ (అదనపు గుట్టలు) లేస్తాయి, పక్క ఛానల్ వాడి మీద పడతాయి. 1.2 మీటర్ల డిష్‌కి 14 గిగాహెర్ట్జ్ దగ్గర బీమ్ వెడల్పు డిగ్రీ మీద పావు దాకా ఉంటుంది. పక్క శాటిలైట్ రెండు డిగ్రీల దూరంలో ఉందనుకోండి, గురి ఒక డిగ్రీ తప్పినా మన గోల వాడి నెత్తిన.

డాబాగార్డెన్స్_రాజు, విశాఖ

ఓడ మీదైతే ఇంకో విచిత్రం. శత్రువు అక్కర్లేదు, తుప్పు చాలు.

ఓడ డెక్ మీద జానెడు జాగాలో బోలెడు యాంటెన్నాలు. రెండు ట్రాన్స్‌మిటర్లు ఒకేసారి నొక్కితే, మధ్యలో తుప్పు పట్టిన రెయిలింగు జాయింటో, వదులైన గొలుసో ఉందనుకోండి, ఆ తుప్పు డయోడ్‌లా పనిచేసి రెండు ఫ్రీక్వెన్సీలనీ కలిపి కొత్తవి పుట్టిస్తుంది. పైన చెప్పిన యూహెచ్‌ఎఫ్ లెక్కలే తీసుకోండి. అప్‌లింక్‌లో ఒకటి 292, ఇంకోటి 318 అనుకుంటే, 292 రెట్టింపు 584, అందులోంచి 318 తీస్తే 266. అది నేరుగా డౌన్‌లింక్ బ్యాండ్ లోపలే పడింది! 36 వేల కిలోమీటర్ల నుంచి వచ్చే పలచటి సిగ్నల్ ఎక్కడ, పది అడుగుల దూరంలో మన రెయిలింగు పుట్టించింది ఎక్కడ.

మందు ఏమిటంటే వైర్ బ్రష్షు, పెయింటు, బాండింగ్ స్ట్రాపు (లోహపు ముక్కల్ని గట్టిగా కలిపే పట్టీ). ఏ రెండు ఫ్రీక్వెన్సీలు కలిసి వాడకూడదో ముందే లెక్కేసి పెట్టుకున్న చార్టు. వాన, ఉప్పుగాలి ఉన్నన్నాళ్లూ ఈ పని తెమలదు.

లహరి_ఈసీఈ, కాకినాడ

ఇవేవీ నా స్లైడ్లలో లేవు! థాంక్యూ సర్. కానీ బ్రెజిల్ వాళ్లది తుప్పు కాదు కదా, కావాలనే చేసింది. ఎన్‌క్రిప్షన్ సంగతి ఎవరూ చెప్పలేదు.

వర్జీనియా_మూర్తి

అమ్మా లహరీ, నేను ఇక్కడ టెలికాంలో ఉంటాను. మిలిటరీ ఉద్యోగం కాదు, చెప్పేవన్నీ బయట అచ్చయినవే.

ఎన్‌క్రిప్షన్ చేసేది ఒక్కటే పని, నీ మాట ఇంకొకడికి అర్థం కాకుండా చూడటం. ఛానల్‌ని ఇంకొకడు ఆక్రమించకుండా అది ఆపలేదు. నేవీ వాళ్ల సంభాషణ బ్రెజిల్ డ్రైవర్‌కి అర్థం కాదు, నిజమే. కానీ అతను అదే ఛానల్లో మాట్లాడుతుంటే నేవీ వాడి బిట్లు పాడైపోతాయి. రిపీటర్‌లో ఇంకో చిక్కు, శాటిలైట్ దగ్గర ఉన్న పవర్ పరిమితం. నువ్వు 1 వంతు బలంతో, చొరబడినవాడు 10 వంతుల బలంతో వస్తే కిందికి వెళ్లే పవర్‌లో పదకొండింట పది వంతులు అతనికే పోతాయి. నీ సిగ్నల్ శాటిలైట్ దాకా చక్కగా చేరినా, కిందికి వచ్చేది బక్కచిక్కిన సిగ్నలే.

"ఆపేయొచ్చు కదా" అన్నావు. ఛానల్ ఆపేస్తే డ్రైవరూ పోతాడు, నావికుడూ పోతాడు. జామింగ్ చేసేవాడికి కావలసిందీ అదే కదా. కంట్రోలర్లు సాధారణంగా చేసేది, అసలు వాడకందార్లని ఇంకో ఛానల్‌కి మార్చడం.

ఇక నాకు బాగా నచ్చిన సంగతి. ఫ్లీట్‌శాట్‌కామ్ కట్టినవాళ్లకి ఇదంతా తెలియదనుకోవద్దు. ఓడలన్నిటికీ ఆదేశాలు వెళ్లే ఫ్లీట్ బ్రాడ్‌కాస్ట్ ఛానల్‌కి అప్‌లింక్‌ని యూహెచ్‌ఎఫ్‌లో పెట్టలేదు. ఎస్‌హెచ్‌ఎఫ్‌లో (యూహెచ్‌ఎఫ్ కంటే పై బ్యాండ్), స్ప్రెడ్ స్పెక్ట్రమ్‌తో (సిగ్నల్‌ని కోడ్‌తో వెడల్పుగా పరిచి) పంపి, శాటిలైట్‌లోనే విప్పి, ఆ తర్వాతే యూహెచ్‌ఎఫ్‌లో కిందికి వదిలారు. అంటే 1970లలోనే, ఏ ఒక్క ఛానల్ పోకూడదో దానికి మాత్రం తలుపు వేసుకున్నారు. మిగతావి చవకగా, చిన్న సెట్‌తో అందరికీ అందాలని వదిలేశారు. నా దృష్టిలో అది తప్పు డిజైన్ కాదు, తెలిసి చేసిన బేరం. కాకపోతే శాటిలైట్లు అనుకున్న దానికంటే ఎక్కువ కాలం బతికాయి, రేడియో సామాను చవకైంది.

లహరి_ఈసీఈ, కాకినాడ

మరి అన్ని ఛానళ్లకీ స్ప్రెడ్ స్పెక్ట్రమ్ పెట్టేస్తే సరిపోయేది కదా సర్?

వర్జీనియా_మూర్తి

లెక్క వేసి చూద్దాం. అమెరికా సైన్యం వాడే మిల్‌స్టార్, దాని తర్వాత వచ్చిన ఏఈహెచ్‌ఎఫ్ శాటిలైట్లు అణుయుద్ధంలో కూడా నిలబడాలని కట్టినవి. అప్‌లింక్ 44 గిగాహెర్ట్జ్ దగ్గర, 2 గిగాహెర్ట్జ్ వెడల్పులో. సిగ్నల్ ఆ వెడల్పంతా గెంతుతూ ఉంటుంది. ఏ క్షణం ఎక్కడ ఉంటుందో కీ ఉన్నవాడికే తెలుసు. జామర్ గుడ్డిగా మొత్తం 2 గిగాహెర్ట్జ్‌లోనూ పవర్ పరచాలి.

మిల్‌స్టార్ నెమ్మది లింకు సెకనుకి 2,400 బిట్లు. 200 కోట్ల హెర్ట్జ్‌ని 2,400తో భాగిస్తే 8 లక్షల పైచిలుకు, కాగితం మీద 59 డీబీ లాభం. అదే వెడల్పులో ఏఈహెచ్‌ఎఫ్ గరిష్ఠ వేగం 8.192 మెగాబిట్లు పంపు. భాగిస్తే 244, అంటే 24 డీబీ. వేగం పెరిగింది, రక్షణ 35 డీబీ కరిగిపోయింది. అందరూ వీడియో కావాలంటే అందరికీ ఈ కవచం రాదు. టెర్మినల్ ఖరీదు, బరువు వేరే. సైనికుడు వీపు మీద మోసే సెట్‌కి అడవిలో ఆకుల కింద నుంచి కూడా పనిచేసేది కావాలి, అక్కడ 44 గిగాహెర్ట్జ్ పనికిరాదు, యూహెచ్‌ఎఫే కావాలి.

యూహెచ్‌ఎఫ్‌లో అమెరికా నేవీ కొత్త తరం శాటిలైట్లు మ్యూఓస్. 2012 నుంచి 2016 మధ్య ఐదు శాటిలైట్లు వెళ్లాయి. 14 మీటర్ల మెష్ యాంటెన్నా, 16 బీమ్‌లు, 3జీ ఫోన్లలో వాడిన డబ్ల్యూసీడీఎంఏ. సగం భూమిని ఒకే చెవితో వినే బాధ తగ్గింది. ఒక బీమ్‌లో గోల ఉంటే మిగతావి నడుస్తాయి. కానీ పాత సెట్లున్న యూనిట్ల కోసం దాని మీదా పాత తరహా యూహెచ్‌ఎఫ్ పేలోడ్ పెట్టాల్సి వచ్చింది.

కోపిష్టి_కృష్ణ

సరే, కోతుల్నీ తుప్పునీ ఒప్పుకున్నా. మరి 2022 ఫిబ్రవరి 24న ఉక్రెయిన్ మీద దాడి మొదలైన రోజే వయాశాట్ కంపెనీ కేఏ-శాట్ శాటిలైట్ ఇంటర్నెట్ ఆగిపోయింది. అది జామింగ్ కాదా? శత్రువు పని కాదా?

వర్జీనియా_మూర్తి

శత్రువు పనే, అమెరికా, యూరోపియన్ యూనియన్ రష్యా పేరు పెట్టి మరీ చెప్పాయి. జామింగ్ మాత్రం కాదు. గాలిలో ఒక్క హెర్ట్జ్ కూడా పాడవలేదు. నెట్‌వర్క్ నిర్వహణ వైపు నుంచి దూరి, వేల మోడెమ్‌ల మెమరీ చెరిపేశారు. జర్మనీలో 5,800 గాలిమరలకి రిమోట్ కంట్రోల్ పోయింది కూడా ఆ దెబ్బకే. స్పెక్ట్రమ్ ఎనలైజర్ పట్టుకుని వెతికితే రోజంతా ఏమీ కనపడదు. లహరీ, ఇది వేరే స్లైడ్, కలపకు.

అన్నట్టు కృష్ణా, అమెరికా కూడా చేతులు ముడుచుకుని లేదు. అవతలివాళ్ల శాటిలైట్ లింకుల్ని అడ్డుకునే కౌంటర్ కమ్యూనికేషన్స్ సిస్టమ్ వాళ్ల దగ్గర 2004 నుంచీ ఉంది. కొత్త రూపం 2020 మార్చిలో స్పేస్ ఫోర్స్ వాడకంలోకి వచ్చింది.

లహరి_ఈసీఈ, కాకినాడ

ఇంకొక్క డౌట్. కావాలని చేసేవాడు భూమ్మీద ఎక్కడున్నాడో ఎలా కనిపెడతారు?

విజయవాడ_హ్యామ్

రెండు శాటిలైట్ల పద్ధతి. దొంగ యాంటెన్నా ప్రధానంగా ఒక శాటిలైట్ వైపు ఉన్నా, కొంత సిగ్నల్ పక్క శాటిలైట్‌కీ కారుతుంది. రెండిటి నుంచీ కిందికి వచ్చిన కాపీలు పోల్చి, ఎంత ఆలస్యం తేడా ఉందో చూస్తే భూమ్మీద ఒక గీత వస్తుంది. డాప్లర్ (కదలిక వల్ల ఫ్రీక్వెన్సీ మారడం) తేడా చూస్తే ఇంకో గీత. రెండూ కలిసేచోట దొంగ. జియో (భూమితో పాటే తిరిగే) శాటిలైట్ కదలదు అంటారు కానీ రోజూ కాస్త ఊగుతుంది, ఆ ఊగే డాప్లరే ఇక్కడ ఆధారం. శాటిలైట్ల స్థానాలు పక్కాగా తెలియకపోతే గీత పక్క జిల్లాకి పోతుంది. అందుకే చోటు తెలిసిన రిఫరెన్స్ ట్రాన్స్‌మిటర్లతో సరిచూసుకుంటారు.

బ్రెజిల్ లాంటి కేసులో ఇది ఎందుకు కష్టమంటే, వాడు బటన్ నొక్కి రెండు ముక్కలు మాట్లాడి వదిలేస్తాడు. 25 కిలోహెర్ట్జ్ ఛానల్‌లో టైము మోటుగా 40 మైక్రోసెకన్ల దాకానే తెగుతుంది. ఆ లోపు రేడియో తరంగం 12 కిలోమీటర్లు పోతుంది. ఎక్కువసేపు రికార్డు చేస్తే లెక్క మెరుగవుతుంది, కానీ వాడు అంతసేపు మాట్లాడాలి కదా. పైగా లారీ కదులుతుంది. అంచేత చివరికి నేల మీద డైరెక్షన్ ఫైండర్ పట్టుకుని తిరగాల్సిందే, ఆ దేశం పోలీసులు కదలాల్సిందే. ఐటీయూకి (ఐక్యరాజ్యసమితి టెలికాం సంస్థకి) ఫిర్యాదు చేయొచ్చు కానీ దానికి లాఠీ లేదు.

వీశాట్_శీను, హైదరాబాద్

టీవీ వాళ్ల వైపు దీనికి ఒక ఉపాయం వచ్చింది. 1986లో అమెరికాలో కెప్టెన్ మిడ్‌నైట్ అనే పేరుతో ఒకాయన హెచ్‌బీఓ సిగ్నల్ మీద తన మెసేజ్ ఎక్కించాడు. ఆ తర్వాత ట్రాన్స్‌మిటర్లు తమ గుర్తింపు తామే పంపాలనే రూలు వచ్చింది. ఇప్పుడు క్యారియర్ ఐడీ అంటాం. సిగ్నల్ కిందే సన్నగా ఒక స్ప్రెడ్ కోడ్ ఉంటుంది, మన క్యారియర్ ఎవరి మీదైనా పడితే వాళ్లు చదివి ఫోన్ చేస్తారు. పొరపాటున చేసేవాళ్లని పట్టడానికి బ్రహ్మాండం. దొంగ మాత్రం ఐడీ పెట్టుకుని రాడు కదా. మిలిటరీ వాళ్లూ తమ చిరునామా గాలిలో చల్లుకోరు.

డాబాగార్డెన్స్_రాజు, విశాఖ

మోడరేటర్ గారి గీత దాటకుండా మన సంగతి నాలుగు ముక్కలు. నేవీకి జీశాట్-7, రుక్మిణి అంటారు, 2013 ఆగస్టులో ఫ్రెంచ్ గయానాలోని కౌరూ నుంచి వెళ్లింది. యూహెచ్‌ఎఫ్, ఎస్, సీ, కేయూ బ్యాండ్లు ఉన్నాయి. 2014 ట్రోపెక్స్ విన్యాసాల్లో మన బంగాళాఖాతంలోనే దాదాపు 60 ఓడల్ని, 75 విమానాల్ని దాంతో కలిపారు. ఎయిర్‌ఫోర్స్‌కి జీశాట్-7ఏ 2018 డిసెంబర్ 19న, నేవీకే 4,410 కిలోల సీఎంఎస్-03 2025 నవంబర్ 2న, రెండూ శ్రీహరికోట నుంచే. ఇన్ని సెట్లు ఒకేసారి ఆన్ చేసినప్పుడు ఎవరు ఏ టైములో ఏ ఛానల్ అనే ప్లానే సగం పని. లహరీ, హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో డీఎల్‌ఆర్‌ఎల్ (డీఆర్‌డీఓ ల్యాబ్) ఉంది, 1962 నుంచి ఎలక్ట్రానిక్ వార్‌ఫేర్ పనే వాళ్లది. ఇంటర్న్‌షిప్‌కి మీ కాలేజీ ద్వారా అడిగి చూడు.

లహరి_ఈసీఈ, కాకినాడ

తప్పకుండా సర్. మా ల్యాబ్‌లో స్పెక్ట్రమ్ ఎనలైజర్ ఉంది, పాత సీ-బ్యాండ్ డిష్ కూడా ఉంది. డెమో ఏదైనా చేయొచ్చా? ట్రాన్స్‌మిట్ ఏమీ చేయను, ఒట్టు.

వీశాట్_శీను, హైదరాబాద్

భేషుగ్గా. మీ ఏరియాలో 5జీ టవర్ ఉంటే పని ఇంకా సులువు. మన దగ్గర 5జీ 3,300 నుంచి 3,670 మెగాహెర్ట్జ్‌లో ఉంది, శాటిలైట్ టీవీ 3,700 నుంచి పైకి. పాత ఎల్‌ఎన్‌బీలు (డిష్ మీద సిగ్నల్ అందుకుని బలం పెంచే డబ్బాలు) 3,400 నుంచే నోరు తెరుచుకుని ఉంటాయి కాబట్టి టవర్ సిగ్నల్‌కి ఉక్కిరిబిక్కిరై శాటిలైట్‌ని కూడా పోగొట్టుకుంటాయి. ముందు ఫిల్టర్ లేకుండా నాయిస్ ఫ్లోర్ (సిగ్నల్ లేనప్పుడూ ఉండే రొద స్థాయి) స్క్రీన్‌షాట్ తీయండి. తర్వాత ఎల్‌ఎన్‌బీకీ ఫీడ్‌కీ మధ్య బ్యాండ్‌పాస్ ఫిల్టర్ బిగించి అదే సెట్టింగ్స్‌తో మళ్లీ తీయండి. స్పాన్, రిజల్యూషన్ బ్యాండ్‌విడ్త్ మార్చొద్దు, లేకపోతే ఎగ్జామినర్ అక్కడే పట్టుకుంటారు. ఎల్‌ఎన్‌బీకి పవర్ ఇచ్చేటప్పుడు ఎనలైజర్ ఇన్‌పుట్‌కి డీసీ బ్లాక్ (ఆ కరెంటు లోపలికి పోకుండా ఆపేది) మర్చిపోకండి, ఫ్రంట్ ఎండ్ కాలితే మీ మేడమ్ ఊరుకోరు.

సిగ్నల్స్_తాతయ్య, మాధవరం

స్క్రీన్‌షాట్ పక్కన టైము, డిష్ దిశ, వాతావరణం కూడా రాసి పెట్టు తల్లీ. సెప్టెంబర్ చివర్లో, అక్టోబర్‌లో చేస్తే మధ్యాహ్నం పూట జాగ్రత్త, సూర్యుడు అడ్డొస్తాడు.